పడ్డందుకు చప్పట్లు

అక్కా, ఎవరేం చెప్పినా కంగారుపడకు, నేను కులాసా.

నిన్న నాటకం అయ్యాక, తెరచాటున పీటమీద కూర్చుని మాటలందించే నన్నూ స్టేజీమీదికి పిలిచారు. గబుక్కున లేచి వెళ్లి, జనాన్ని చూసి కళ్లు తిరిగి దబ్బున పడ్డాను. అదీ నాటకమేననుకుని ఒకటే చప్పట్లు! అంతకుముందే చచ్చిన హీరోకి చప్పట్లే పడలేదు. నాతో మాట మానేశాడు.

లేవగానే రక్తం కాళ్లలోకి దిగుతుందట. దాన్ని తలకెక్కించడానికి అడ్రినలిన్‌లాంటి హార్మోన్లు కొలతగా ఊరాలట. నాకు భయంతో ఒక్కసారే పొంగి, గుండె పరుగెత్తి, ఆఖరికి ఒళ్లే చేతులెత్తేసిందన్నాడు డాక్టరు.

"రోజూ పడు" అంటున్నాడు మా నాటకాల కంపెనీ ఓనరు. వాడి మొహం!

కాళ్లకి బిగుతు మేజోళ్లు వేసుకోవాలట. బావ ఫుట్‌బాల్‌వి పెట్టెలో మూలుగుతున్నాయిగా, పంపు. కుళాయి కారడం ఆగిందా? బావకి నమస్కారాలు. అమ్మకి పడ్డ సంగతి చెప్పకు; చప్పట్ల సంగతి మాత్రం వీధంతా చెప్పు.

నీ తమ్ముడు