నీమాకి నేర్పని "మీరు"

చి. సంయుక్తకు, నేను కులాసా. నీ దగ్గు తగ్గిందా?

మేడమీద అద్దెకున్న టాంజానియా పిల్ల నీమా వ్యవసాయ డిగ్రీ పూర్తయింది. ఉద్యోగం దొరికితేనే ఇక్కడ ఉండగలదు. పామర్రులో విత్తనాల కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళి, మేనేజరుగారితో "కూర్చో నాయనా, అన్నం తిన్నావా?" అందట. తప్పు నాదే, దానికి తెలుగు నేర్పింది నేనేగా. నా నోట "నువ్వు" తప్ప అదేం విన్నది? ఆయన నవ్వి, "రైతుల్ని మాత్రం మీరు అనాలమ్మా" అంటూ ఇరవయ్యో తేదీన మళ్ళీ రమ్మన్నారు.

అందుకని నేనే దాన్ని "మీరు" అనడం మొదలుపెట్టాను. "కాఫీ తాగండి" అనేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నామీద కోపమా అమ్మమ్మా?" అంది. ఇక నావల్ల కాదు. పద్దెనిమిదికల్లా నువ్వొచ్చి దానితో "మీరు" అని మాట్లాడు. నీ నీలం చేనేత చీర తీసుకురా, ఇంటర్వ్యూకి కట్టుకుంటుంది. ఉద్యోగం వచ్చినా నేను మాత్రం "నువ్వు" అనే అంటానని దానికి మాటిచ్చాను.

నీకు ఆశీస్సులతో,
అమ్మమ్మ