రెండు గంటలకోసారి పాలు

శ్రీ పచ్చైనాయకి స్పిన్నింగ్ మిల్స్,
కోయంబత్తూరు, 13-2-1984.

టోకెన్ నంబరు 614, రింగ్ ఫ్రేమ్ డిపార్టుమెంటు, ఆ. కరుప్పాత్తాళ్‌కు ఇచ్చు మెమో.

ఈ నెల 9 నుంచి 12 వరకు మొదటి షిఫ్టులో నీవు గడియారం పెట్టినట్టు రెండు గంటలకొకసారి పాయిఖానా బిళ్ళ తీసుకుని మిషను వదిలి వెళ్ళినావు. వెళ్ళిన ప్రతిసారీ పన్నెండు నిమిషాలు. నీ కడుపులో ఏ జబ్బూ లేదని మిల్లు డాక్టరు అంటున్నారు. పైగా గేటు దగ్గర సోదా చేయు సెల్లమ్మకు నీ నడుం దగ్గర వెచ్చగా ఏదో తగిలినది. అడిగితే బెల్లం ముద్ద అన్నావట. ఆ బెల్లం ముద్ద కీచుమన్నదని ఆమె వేలిముద్ర వేసి మరీ చెప్పినది.

నీ మీద ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో సంజాయిషీ రాసి ఇవ్వవలెను.

టి. ఆర్. సబానాయగం,
కార్మిక సంక్షేమ అధికారి.

తా.క.: సంజాయిషీ పెన్నుతో రాయవలెను. పోయినసారి ఒకరు బొగ్గుతో రాసి ఇస్తే నా చొక్కా పాడైనది.

*

లైను 4, మిల్లు క్వార్టర్స్,
15-2-84.

సంక్షేమం చూసే అయ్యగారికి 614 కరుప్పాత్తాళ్ దండం పెట్టి రాసేది.

ఇది నేనే రాస్తున్నాను, ఎవరిచేతా రాయించలేదు. బడికి పోయింది రెండేళ్ళే. మిగతా అక్షరాలు పకోడీ పొట్లాల మీద నేర్చుకున్నాను. తప్పులుంటే పొట్లాలవి.

8వ తేదీన మూడో నంబరు ఎగ్జాస్ట్ ఫ్యానులో పడి ఒక ఉడుత ముక్కలైంది. ఆ ఫ్యానుకు వల వేయమని మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాం. మయిలాత్తాళ్ జడ అందులో చిక్కినప్పుడే వేసి ఉండాల్సింది. ఫ్యాను పక్క సందులో మన మిల్లు దూదితోనే గూడు కట్టింది. గూట్లో మూడు పిల్లలు. కళ్ళు తెరవలేదు, ఒంటి మీద నూగు లేదు, ఒక్కొక్కటీ నా చూపుడువేలంత. మేస్త్రీ “ఊడ్చి పారెయ్యవే” అన్నాడు. “ముందు నిన్ను ఊడుస్తా” అన్నాను. దానికి వేరే మెమో ఉంటే అది కూడా పంపండి, ఒకేసారి రాసేస్తాను.

వాటికి రెండు గంటలకోసారి పాలు పట్టాలి. మేకపాలు, గోరువెచ్చగా, ఇంకు ఫిల్లరుతో, చుక్క తరవాత చుక్క. చెయ్యి తొందరపడితే పాలు ముక్కులోకి పోతాయి, ఇక అంతే. పట్టాక తడిగుడ్డతో పొట్ట కింద తుడవాలి, తల్లి నాకినట్టు. లేకపోతే ఒంటేలు రాక ఉబ్బి చస్తాయి. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. అందుకే నడుముకు కట్టుకొచ్చాను.

మీ మెమోకు భయపడను. అవి చల్లబడతాయేమోనని భయం. గుడ్డ మడత విప్పేముందు ప్రతిసారీ పైనుంచే తడిమి చూస్తాను. లోపల వెచ్చగా తగులుతుందా, గులకరాయిలా తగులుతుందా అని.

ఇంతే సంగతి,
కరుప్పాత్తాళ్.

తా.క.: సెల్లమ్మక్కను ఏమీ అనకండి. “బెల్లం కీచుమంటుందేమే?” అని ఆవిడ గట్టిగానే అడిగింది. “కొత్త బెల్లం అక్కా” అన్నది నేను.

*

మిల్లు ఆఫీసు, 21-2-84.

కరుప్పాత్తాళ్‌కు రెండో మెమో.

నీ సంజాయిషీ మొత్తం చదివినాము. అందులో ఉడుతలు తప్ప ఏమీ లేవు. యాజమాన్యాన్ని ఉడుతల కథతో వెక్కిరించుట ఇంకొక నేరముగా రాసుకొన్నాము. నడుం దగ్గర ఏమీ తేరాదని గేటుకు 16వ తేదీనే ఉత్తర్వు ఇచ్చినాము.

ఇప్పుడు అసలు విషయం. నిన్న ఏడో ఫ్రేము వెనక అంటించిన ఒక కాగితం మేస్త్రీ పీకి తెచ్చినాడు. అందులో మూడు షిఫ్టులలోని పదకొండు మంది ఆడవాళ్ళ పేర్లు. ప్రతి పేరు ఎదుట రెండు గంటల తేడాతో ఒక వేళ. పైన నీ ఇంటి నంబరు. కింద పెద్ద అక్షరాలతో: “పాలు మాత్రమే. ఇంకేమీ పెట్టవద్దు. బాగా నీరసం.”

నేను ఈ మిల్లులో మూడు సమ్మెలు చూసినవాణ్ణి. రిలే నిరాహార దీక్ష ఎలా ఉంటుందో నాకు నీవు చెప్పనక్కరలేదు. నీ ఇంట్లో కూర్చున్నది ఎవరు? ముగ్గురని నీవే రాసినావు. ఆ ముగ్గురి పేర్లూ కావలెను.

సబానాయగం.

తా.క.: ఆ కాగితం చూసి మేనేజర్‌గారు మధ్యాహ్నం భోజనం మానినారు. ఆయన మానినందున నేనూ మానవలసి వచ్చినది.

*

లైను 4, 23-2-84.

అయ్యా,

దీక్షా లేదు, గీక్షా లేదు. వంతులు. నడుముకు కట్టుకు రావద్దని మీరే గేటులో ఆపించారు. నేను మిషను దగ్గరుంటే ఇంట్లో పాలు ఎవరు పడతారు? అందుకని ఏ షిఫ్టు దిగిన వాళ్ళు ఆ వేళకు వచ్చి పట్టి పోతున్నారు. నలుగురు ఆడవాళ్ళు కలిసి ఒక పనికి వంతులు వేసుకుంటే మీకు చెమటలు పడతాయా?

నా భయం వేరే. వినండి. నూరో నంబరు సన్న నూలుకు మనం వాడే దూది కంటే మెత్తనిది లోకంలో లేదని మాకు నమ్మకం. చేతుల్లో పుట్టి పెరిగిన దూది కదా. బుట్టలో అదే పరిచాం. మరుదాయి ఒక్కతే “పాత చీర ముక్క వెయ్యండే, దూది వద్దు” అంది. “పాత చీరా? ఇవేమన్నా దిక్కులేనివా?” అని నవ్వాం.

ఒకదాని వెనక కాలికి దూదిపోగు చుట్టుకుంది. వెంట్రుక కంటే సన్నం. కాలు ఉబ్బి నల్లబడేదాకా ఎవరికీ కనబడలేదు. రోజుకు వేల పోగులు ముడివేసే వాళ్ళం, దీపం చుట్టూ చేరి ఒక్క పోగు విప్పలేకపోయాం. చివరకు సూదితో తెంపాం. కానీ అది నిన్నటినుంచీ పాలు ముట్టడం లేదు. ఫిల్లరు మూతికి పెడితే తల పక్కకు తిప్పేస్తోంది.

కరుప్పాత్తాళ్.

తా.క.: దూది మిల్లుదే. కానీ మేం తీయలేదు, గూటిలోది. దొంగిలించినదానికి మెమో ఇవ్వాలంటే మూడో నంబరు ఫ్యానులో వెతుక్కోండి.

*

మిల్లు ఆఫీసు, 25-2-84.
అతి రహస్యం.

కరుప్పాత్తాళ్‌కు,

నీ ఉత్తరాన్ని మేనేజర్‌గారి ఎదుట పైకి చదివినాము. ఒకరి కాలిని మిల్లు పోగుతో నల్లబడేదాకా బిగించినట్టు నీవే ఒప్పుకొన్నావు. ఆ వ్యక్తి ఇప్పుడు పాలు కూడా నిరాకరించుచున్నట్టూ రాసినావు. అనగా రిలే దీక్ష కాస్తా ఆమరణ దీక్ష అయినది.

సెల్లమ్మను మీ లైనుకు పంపినాము. తలుపు వెనక సన్నని కేకలు విన్నదట. “ఎవరే లోపల?” అంటే “పసివాళ్ళు, ఇప్పుడే పడుకున్నారు, అరవకు” అని లోపలి స్త్రీ కసిరినదట. ఇంత వేళాకోళమా?

నేనే వచ్చి చూడవచ్చు. కానీ పోయిన సమ్మెలో ఆడవాళ్ళ లైనుకు వెళ్ళిన టైమ్ కీపరు పేడనీళ్ళతో తిరిగివచ్చినాడు. ఆ వాసన ఆఫీసులో నెల రోజులు ఉన్నది. కాబట్టి రేపు సాయంత్రంలోగా ముగ్గురినీ నీవే బయటకు పంపవలెను. లేకున్న పోలీసులు వస్తారు.

సబానాయగం.

తా.క.: పంపే ముందు ఏదైనా తినిపించవలెను. వట్టి కడుపుతో మా గేటు దగ్గర పడిపోతే మాట మాకు వచ్చును.

*

26-2-84.

అయ్యా,

ఒకటి పోయింది.

పొద్దున ఆరింటి సైరనుకు రెండు ఉలిక్కిపడ్డాయి. మూడోది పడలేదు. తీసి అరచేతిలో పెట్టుకుని ఊదాను. బొడ్డు దగ్గర దాచుకుని వెచ్చజేశాను. మరుదాయి వచ్చి నా చెయ్యి పట్టుకుని “చాలు కణ్ణూ, చాలు తల్లీ” అనేదాకా అలాగే ఉన్నాను. దూది పరిచింది నేనే. మంచి దూది ఏరి ఏరి పరిచాను.

మిగతా రెండూ దక్కుతాయో లేదో. వాటి పొట్ట కదులుతోందా అని పొద్దుటినుంచీ చూస్తూనే ఉన్నాను. కదిలినా కదలనట్టే కనబడుతోంది.

పోలీసుల్ని పంపండి. వచ్చేటప్పుడు మేకపాలు తెమ్మనండి.

కరుప్పాత్తాళ్.

తా.క. రాయడానికి ఏమీ లేదు.

*

26-2-84, సాయంత్రం 4 గంటలు.
మనిషి చేత పంపబడినది.

గౌరవనీయులైన కరుప్పాత్తాళ్ అమ్మగారికి,

తమ మీద ఉన్న మెమోలన్నీ ఈ క్షణం నుంచి రద్దు. మేస్త్రీని మీరు ఊడుస్తానన్నది కూడా రద్దు.

దయచేసి శవాన్ని గేటు దగ్గరకు ఊరేగింపుగా తేవద్దు. పత్రికల వాళ్ళను పిలవద్దు. పోలీసుల మాట మేము అననే లేదు. మేనేజర్‌గారు కుర్చీలోంచి లేవడం లేదు, ఫోను మోగితే తీయడం లేదు, నన్నే తీయమంటున్నారు. నేనూ తీయడం లేదు.

మిగతా ఇద్దరి ప్రాణాలూ నిలవాలి. వాళ్ళకు ఏం కావాలో దయచేసి రాయండి. ఏదైనా సరే.

తమ విధేయుడు,
సబానాయగం.

తా.క.: పోయినవారి వయసు, సొంత ఊరు తెలిపితే సంతాప తీర్మానం టైపు చేయించగలము.

*

27-2-84.

సబానాయగం సారుకు,

వయసు ఇరవై రోజులు, కాస్త అటూ ఇటూ. సొంత ఊరు మూడో నంబరు ఫ్యాను.

ఏం కావాలి అని అడిగారు. ఈ మిల్లులో చేరి ఐదేళ్ళయింది, ఆ మాట ఇప్పుడే విన్నాను. రాసుకోండి. ఫ్యానులకు వల. వెచ్చగా ఒక గది. రెండు గంటలకోసారి పాలు. పట్టడానికి తీరిక.

ఇది రాస్తుంటే మరుదాయి పక్కన కూర్చుని వింటోంది. షిఫ్టు దిగాక ఊరి బస్సు వచ్చేదాకా మా ఇంట్లో కూర్చుని తన వంతు పట్టి పోతుంది. “అవే మా పాపకు కూడా అడగవే” అంది, నవ్వుతూనే. నాలుగు నెలల పిల్ల. ఇక్కడికి మూడు మైళ్ళు. షిఫ్టంతా చక్కెర నీళ్ళు తాగి ఏడుస్తుంది. ఇక్కడ దీని రవిక తడిసిపోతుంది. పాయిఖానా బిళ్ళ తీసుకుని వెళ్ళి, గోడవైపు తిరిగి, పాలు పిండి పారబోసి వస్తుంది. మీరు నిమిషాలు చూసుకున్నారు కానీ ఏం చేసి వస్తోందో చూడలేదు.

మన మిల్లులో ‘శిశు సంరక్షణ గది’ అని బోర్డు ఉంది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజే తాళం తీస్తారు. లోపల నాలుగు ఉయ్యాలలు, నాలుగింటిలోనూ పాత ఫైళ్ళు పడుకుని ఉంటాయి. ఉడుతపిల్లలకు వేళకు పాలు పడితే మీకు కుట్ర కనబడింది. మనిషి పిల్లలకు పట్టనివ్వకపోతే ఏమీ కనబడలేదు. థూ.

కరుప్పాత్తాళ్.

తా.క.: ఒకటి ఇవాళ కన్ను తెరిచింది. ఒక కన్నే. ముందు దానితో చూసి, లోకం పరవాలేదనిపిస్తే రెండోది తెరుస్తుందట.

*

26-3-84.
(తెల్ల కాగితం మీద, చేతి రాతతో)

అమ్మణీ,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. చదివి చించెయ్యి.

ఒప్పందానికి నాలుగు వారాలు పట్టింది. గది తాళం తీయాలి. పాలిచ్చే తల్లులకు షిఫ్టుకు రెండుసార్లు అరగంట. ఫ్యానులకు వల. మేనేజర్ సంతకం పెట్టారు, కార్మిక శాఖకు నకలు పోయింది. దీక్ష విరమింపజేయడానికి నేనే నిమ్మరసం గ్లాసులు రెండు పట్టుకుని, పాత చొక్కా తొడుక్కుని, పేడనీళ్ళకు సిద్ధపడి నిన్న మీ లైనుకు వచ్చాను. ఆడవాళ్ళంతా దారి ఇచ్చారు. నువ్వు బుట్ట మూత తీశావు.

“వీళ్ళేనా?” అన్నాను.

“వీళ్ళే” అన్నావు.

“మనుషులు?”

“మనుషులని నేనెప్పుడు రాశాను సార్?”

ఇంటికి పోయి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. నువ్వు ఎప్పుడూ రాయలేదు. ఒకరు మృతి, ఇద్దరు క్షేమం అని నా సంతకంతో నివేదిక పోయింది. ఇవి ఉడుతలని మేనేజర్‌కు తెలిసిన మరుక్షణం ఒప్పందం చిరిగిపోతుంది. గదికి మళ్ళీ తాళం పడుతుంది. నా ఉద్యోగం ఆ గదిలో ఫైళ్ళ పక్కన పడుకుంటుంది. నీ నోట ఆ మాట రానివ్వకు. బతిమాలుకుంటున్నాను.

సబానాయగం.

తా.క.: నల్లచారలది నా వేలు కొరికింది. సూది వేయించుకోవాలా? డాక్టరు ఏం కరిచిందని అడిగితే ఏం చెప్పను?

*

లైను 4, 2-4-84.

సబానాయగం సారుకు కరుప్పాత్తాళ్ రాసేది.

మీ ఉత్తరం చించాను. కానీ మీకు కోపం వచ్చే పని ఒకటి చేశాను. కూర్చుని చదవండి.

రెండూ శనివారం వేపచెట్టు ఎక్కాయి. బుట్ట మూత నేనే తీసిపెట్టాను. సగం దాకా ఎక్కి, దిగి, నా భుజం మీదికి వచ్చి, మళ్ళీ ఎక్కాయి. రెండోసారి దిగలేదు. పైన డేగ నీడ తిరుగుతోంది. మెడ నొప్పి పుట్టేదాకా కొమ్మలే చూస్తూ నిలబడ్డాను. ఎంత జాగ్రత్తగా పెంచినా, ఆ నీడను నేను ఆపలేను కదా.

నిన్న మేనేజర్‌గారు తాళం తీసిన గది చూడడానికి వచ్చారు. మరుదాయి పాపకు పాలిస్తోంది. ఆయన గుమ్మంలోనే ఆగి, నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

“ఆ ఇద్దరూ ఎక్కడున్నారమ్మా?”

నాకు అబద్ధం నోట రాదు సార్. పైగా ఆయన్ని చూస్తే ఒళ్ళు మండింది. “అవి ఉడుతలు సార్. చెట్టెక్కి పోయాయి” అన్నాను.

అయిపోయింది, గదికి తాళం పడింది, మరుదాయి మళ్ళీ గోడవైపు తిరుగుతుంది అనుకున్నాను. ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది.

“అలాగే చెప్పు. ఎవరడిగినా అలాగే చెప్పు” అన్నారు. తలుపు వైపు చూసి, “ఇంకా ఎంతమంది ఉన్నారు అలాంటి ఉడుతలు, మన మిల్లులో?” అన్నారు.

“ప్రతి డిపార్టుమెంటులోనూ ఉన్నాయి సార్” అన్నాను. ఉన్నాయిగా మరి.

రుమాలుతో మెడ తుడుచుకుని వెళ్ళిపోయారు. ఇవాళ పొద్దున వైండింగ్ షెడ్డులో కూడా ఒక గది ఖాళీ చేయిస్తున్నారు.

కాబట్టి మీరు భయపడకండి. నెలన్నరగా నిజమే రాశాను, నిన్న మొహాన నిజమే చెప్పాను. ఈ మిల్లులో నిజాన్ని దాచాలంటే పైకి చెప్పడం కంటే మంచి చోటు లేదు.

కరుప్పాత్తాళ్.

తా.క.: సూది వేయించుకోండి. ఉడుత కరిచిందనే చెప్పండి. డాక్టరు కుక్క సూది వేసి పంపుతాడు.