మామయ్య బుట్టలో ఎన్ని మలుగులు?

మామయ్యకి నమస్కారాలు.

చేపల శాఖలో నాకు కొత్త పని అప్పజెప్పారు. ఏ దేశం నదుల్లో ఎన్ని మలుగు చేపలు, అదే, మన పాముల్లాంటి పొడుగు చేపలు, పడుతున్నాయో పట్టిక వెయ్యాలి. పదకొండు దేశాల లెక్కలొచ్చాయి, అన్నిట్లోనూ ఏటేటా తగ్గుదలే. మన నదికి మాత్రం మూడేళ్ల కిందటి యాభై తర్వాత గడి ఖాళీ. అక్కడ మలుగుల లైసెన్సున్నది నీకొక్కడికే కదా, ఈ ఏడు ఎన్ని పడ్డాయి? ఒక్కటీ పడకపోతే లైసెన్సు రద్దు చేస్తారట. బద్ధకించకుండా రాయి.

నీ మేనకోడలు

తా.క. ఫోన్లో చెబితే కుదరదు. కాగితం మీద, నీ సంతకంతో కావాలట.

*

మేనకోడలికి ఆశీస్సులు.

నలభై. ఈ ఏడు నీళ్లు బాగాలేవు. ఎవరితోనూ అనకు. అవతలి ఒడ్డున పడవల మేస్త్రీ చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

మీ మామయ్య

తా.క. చదివి చింపెయ్. సంతకం ఉన్న ముక్క మాత్రం దాచుకో.

*

మామయ్యా,

నా దగ్గరా దాపరికం? మలుగులు పట్టేవాళ్లు పడినదాంట్లో సగమే చెబుతారని, లేకపోతే ఆ చోటు పదిమందికీ తెలిసిపోతుందని, చిన్నప్పుడు పడవలో కూర్చోబెట్టుకుని చెప్పింది నువ్వే. అందుకే ఎనభై అని రాశాను. మా ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అన్నిచోట్లా తగ్గుతుంటే మన దగ్గర పెరిగాయని పేపర్లో వేయించాడు.

నీ శిష్యురాలు

తా.క. గోడమీద గ్రాఫులో అందరి గీతలూ కిందికే. నీదొక్కటే నీ మీసంలా పైకి.

*

కొంప ముంచావే తల్లీ!

వెంటనే కొట్టేసి ఇరవై అని రాయి. పేపరు చూసి మేస్త్రీ దొంగచాటుగా మలుగులు పట్టడానికి పది కొత్త బుట్టలు కొన్నాడు.

కంగారుతో, మామయ్య

తా.క. మీ అత్తయ్య "ఆ ఎనభై మలుగులూ ఎవరింటికి పంపావు?" అని నిలదీస్తోంది.

*

మామయ్యా,

నలభై కాస్తా ఇరవై అయిందంటే నువ్వు దాస్తున్నది మరీ ఎక్కువన్నమాట. నూట అరవై వేశాను. నీ కిటుకు నేర్చుకోవడానికి మూడు దేశాల నిపుణులు సోమవారం వస్తున్నారు.

గర్వంతో, నీ మేనకోడలు

తా.క. చొక్కా ఇస్త్రీ చేయించుకో.

*

తల్లీ,

సున్నా.

రెండేళ్లయింది, ఒక్కటీ పడలేదు. రోజూ బుట్ట లాగడం, నీళ్లు ఒంపెయ్యడం. లైసెన్సు పోతే ఇక నేనెవర్నే? ఆ భయంతోనే నలభై అన్నాను. సిగ్గుగా ఉంది. వాళ్లని ఆపు.

మామయ్య

తా.క. దీన్ని రెట్టింపు చేసినా సున్నాయే. ఇక నీ ఇష్టం.

*

మేనకోడలికి ఆశీస్సులు.

నా ఉత్తరం నీకు అందేలోపే ఆ నిపుణులు ముగ్గురూ దిగిపోయారు. ఖాళీ బుట్ట ముందు పెట్టి ఉన్నమాట చెప్పేశాను. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. వాళ్లలో పెద్దావిడ కళ్లజోడు తుడుచుకుంటూ అసలు సంగతి బయటపెట్టింది. వాళ్ల దేశం లెక్క చెప్పేది వాళ్ల నాన్నేనట. ఆయన చెప్పినదాన్ని ఈవిడా రెట్టింపు చేసిందట! మిగతా ఇద్దరిదీ అదే కథ. ఒకరికి బావమరిది, ఒకరికి పెదనాన్న. సున్నా అని నోరు తెరిచి చెప్పినవాణ్ణి ఎక్కడా చూడలేదన్నారు. నా లైసెన్సు తియ్యొద్దని, ఇకమీదట పట్టినవాటిని లెక్కపెట్టి వదిలేసే పని నాకే ఇమ్మని మీ ఆఫీసరుకి రాస్తున్నారు.

మీ మామయ్య

తా.క. ఇవాళ బుట్టలో ఒకటి పడింది. జానెడుంది. చూడగానే నాకు ఏడుపొచ్చింది. పక్కనున్న మీ అత్తయ్యా ఏడ్చింది. వదిలేశాం. పట్టికలో ఒకటి అని రాయి. ఒకటంటే ఒకటే.