నంబరు కప్పిన కండెలు

రాజపాళయం,
మంగళవారం

చెల్లెలు జననికి అన్న ఆశీస్సులు.

మూడు రోజులుగా కొండ మీద మబ్బు దిగి ఉంది, వాన మాత్రం రాలేదు. గాలిలో తడి ఉంటే నూలు బరువెక్కుతుంది. ఆరబెట్టి తూచాలి, అందుకని ఈ రోజు మిల్లు టెస్టింగ్ గదిలో ప్రతి తూకానికీ రెట్టింపు సమయం పట్టింది. మేమందరం బాగున్నాం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. జెనీవా చలికి నువ్వు అలవాటుపడ్డావని తలుస్తాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ ఢీకొట్టించే ఆ యంత్రం ఇంకా కట్టనేలేదు, అయినా జెడ్ కణం బరువును అందులో ఎంత కచ్చితంగా తూచవచ్చో కంప్యూటర్లో ఇప్పటినుంచే పరీక్షిస్తున్నామన్నావు. ఆ బరువును ఒకరు కొంచెం మార్చి దాచిపెడతారనీ, మిగతావాళ్లు అది తెలియకుండా లెక్క తేల్చాలనీ రాశావు. పిల్లల ఆటలా ఉందా అని అడిగావు. మీ వదిన అభిరామి విని, "దాచేదీ వీళ్ళే, వెతికేదీ వీళ్ళే. దీనికి సంబళం వేరే ఇస్తారా?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.

పోయిన నెల గాయాలకు కట్టే గాజుగుడ్డ నేసేవాళ్లు మా నూలు లావుగా ఉందని తిప్పి పంపారు. తప్పు నూలు వడికే యంత్రాల్లో నాలుగో ఫ్రేమ్ చూసే ఆండిదేనని ముందే అనుకున్నాను. మాటకు మాట చెప్పే మనిషి. అతని ఫ్రేమ్‌లో నూలు చుట్టిన కండె సరిగ్గా తూగితే ఇంకోటి తీసి తూచాను. బరువు ఎక్కువ వచ్చినప్పుడు, అంటే నూలు లావని తేలినప్పుడు ఆపి, అదే రాసిచ్చాను. అతన్ని పనిలోంచి తీసేశారు.

నీ ఉత్తరం వచ్చాక, కండెల మీది ఫ్రేమ్ నంబర్లను కాగితంతో కప్పి కలిపేయమని నాతో పనిచేసే ఉదయకుమార్‌కు చెప్పాను. ఏది ఎవరిదో తెలియకుండా అన్నీ తూచి, ఆ తర్వాతే కాగితాలు విప్పాం. లావు నూలంతా ఆరో ఫ్రేమ్‌ది. నూలు లావు, సన్నం తేల్చే దాని పళ్లచక్రం మార్పించింది నేనే.

మేనేజరుకు రాసిచ్చాను. ఆదివారం అతని ఊరు సేత్తూరు వెళ్లి ఆండికీ చెప్పాను. గిన్నెలు సంచిలో సర్దుతున్నాడు.

"తెలిసే చేసినావా అన్నా?"

"లేదు. నువ్వేనని అనుకొని తూచినాను."

"అట్లయితే తక్కెడ ఎందుకు? నా మొగం చూసే రాసి ఉండొచ్చు కదా."

తిరిగి పనికి రమ్మన్నాను. వేరే ఊళ్లో మిల్లు చూసుకున్నానన్నాడు.

నీ లెక్క మిగతావాళ్ల అంచనాకు దూరంగా వస్తోందనీ, దాచిన అంకె బయటపెట్టేలోపు కాస్త సవరించాలా అనీ అడిగావు. సవరించకు. వచ్చింది వచ్చినట్లే ఇవ్వు.

నిన్న పొద్దున ఆరింటి బస్సుకు ఆండి, భార్యాబిడ్డలతో తిరుప్పూరు వెళ్లిపోయాడు.

ఇట్లు,
నీ అన్న
వెంకటరామన్