సందు ఇరుకంట!

శనివారం రాత్రి, జాతర ముగిశాక

చేతులకు చిచ్చుబుడ్ల మందు వాసన ఇంకా పోలేదు. పోకపోతే మానె.

ఏటా ఎండాకాలం జాతరలో ఆంజనేయస్వామి రథం ఊరంతా తిరుగుతుంది. అది ఏ వీధికొస్తే ఆ వీధిలో బాణాసంచా కాలుస్తారు. మా వాడ మలుపు దాకా వచ్చి మాత్రం వెనక్కి మళ్ళుతుంది. "మీ వాడ నిండ గడ్డివాములు, కొట్టాలు. నిప్పురవ్వ వడితే అంటుకుంటయ్" అని జాతర నడిపే పటేలుది ప్రతిసారీ అదే మాట. అందుకే ఈరోజు మధ్యాహ్నం ఆడవాళ్లమంతా బోరింగు కొట్టి, బిందెలతో కొట్టాల కప్పులు తడిపాం. వాముల మీద తడి గోనెసంచులు కప్పాం.

సాయంత్రం రథం మలుపులో ఆగగానే నేనే ఎదురెళ్లాను.

"కప్పులు నీళ్లు కారుతున్నయ్ పటేలా. ఇంక భయమేంది?"

పటేలు అటు చూడనైనా లేదు. "సందు ఇరుకుందమ్మా. రథం పట్టదు. మేమేం జెయ్యాలె?"

రథం వెనక్కి మళ్లింది. "పోనీ తియ్, మన రాత గింతే" అంది వదిన. నాకు ఒళ్లు మండింది. మేం కొనిపెట్టుకున్న చిచ్చుబుడ్లన్నీ సందు నడుమ వరసగా పెట్టి ముట్టించాను. రథం లాగేవాళ్లు కూడా తిరిగి చూశారు.

ఆ వెలుగులో సందును నేనూ సరిగ్గా చూశాను. ఇరుకున్నది ఒక్కచోటే, మా అరుగు దగ్గర. నాన్న కట్టిన అరుగు. అమ్మ పొద్దంతా దానిమీదే కూర్చుంటుంది. ఏమంటుందో...

వచ్చే ఏటికి పటేలు ఇంకో సాకు వెతుక్కోవాల్సిందే. గడ్డపార తెచ్చి తలుపు పక్కన పెట్టాను. తెల్లారితే ఆ అరుగు ఉండదు.