చేదు సొర గింజల గురించి ఏసోబు మాస్టారి వీలునామా

గుంటూరు జిల్లా, ప్రత్తిపాడు దగ్గర ఎర్రచెరువుపాలెం కాపురస్తుడిని, రిటైరైన హైస్కూలు సైన్సు మాస్టారిని, అరవై ఏడేళ్ల మేకతోటి ఏసోబు అనే నేను స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. గుండె జబ్బు ఉంది గానీ నా మతి స్థిరంగానే ఉంది. మనుషులెవరూ నన్ను బలవంతపెట్టలేదు. రాయించింది భయం. దాన్ని బలవంతం కింద లెక్కించరని ప్లీడరు గారు చెప్పారు.

1. నా స్వార్జితమైన ఇల్లు, పుస్తకాలు, భూతద్దం పొన్నూరులో టీచరుగా ఉన్న నా కూతురు ప్రేమమ్మకు చెందాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. అమ్మడూ, ఆ భూతద్దంతోనే నీకు మొదటిసారి చీమ కళ్లు చూపించాను.

2. సైకిలు బడి బంట్రోతు బుల్లయ్యకు. నా తమ్ముడికి ఇవ్వకూడదు. అమ్మ మంచాన పడితే చూడటానికైనా రాలేదు వాడు.

3. మిరప చేను ఎకరం వీరమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఈమె పక్క చేను వెంకయ్య భార్య. బంధువు కాదు. కారణం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1986లో తాడేపల్లి నుంచి చేదు సొర గింజలు తెచ్చాను. ఎండిన బుర్రలు కట్టుకుని పిల్లలు ఈత నేర్చుకుంటారని నా కంచె మీద పాకించాను. వెంకయ్య పాక మీద కూర సొర పాదు ఉండేది. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు ఎలా చేరుతుందో ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని. నా కంచె దగ్గర మాత్రం ఆ ఆలోచనే రాలేదు.

తన పాక మీది పాదు గింజలే వెంకయ్య మరుసటి ఏడు వేశాడు. కాయ చూడటానికి మామూలుగానే ఉంది. మిరప కోతల నాడు వీరమ్మ పులుసు పెట్టి, "చేదుగా ఉందయ్యా, పారబోస్తాను" అంది. ఆకలి మీదున్న వెంకయ్య, "చేదు ఒంటికి మంచిదేనే, పెట్టు" అన్నాడు. సాయంత్రానికి నెత్తురు కక్కుకున్నాడు. మూడో రోజు గుంటూరు ఆసుపత్రిలో పోయాడు.

మిగిలిన కాయ ముక్క నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాను. నా చేదు సొర పుప్పొడే అతని పాదులో కలిసిందని అప్పుడు తెలిసింది నాకు. నా పాదు పీకి కాల్చేశాను. నోరు మాత్రం విప్పలేదు.

4. అందరూ పురుగుమందు కూర మీద పడిందన్నారు. మందు అమ్మిన రసూల్ కొట్టు పగలగొట్టారు. "మాస్టారూ, మీరైనా ఒక్క మాట చెప్పండి" అని అతను నా అరుగు మీద కూర్చుని ఏడిస్తే, మంచినీళ్లు ఇచ్చి పంపాను. ఇప్పుడు పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర కూలి చేస్తున్నాడు. అతని తప్పేమీ లేదు. ఈ పేరా మా చర్చిలోనూ, మసీదు ముందూ బిగ్గరగా చదివించాలి.

5. వెంకయ్య వేసిన ఆ గింజల్లోనే కొన్ని వీరమ్మ అతను పోకముందే ఆరిళ్లకు పంచింది. బడికి కావాలని అబద్ధమాడి అయిదిళ్లలో తిరిగి తీసుకున్నాను. ఆరో ఇల్లు ఒంగోలు వైపు నుంచి పత్తి తీతకు వచ్చిన కూలీలది. వాళ్ల ఊరు ఎవరికీ తెలియదు. ప్రేమమ్మ వెతికించాలి. ఎవరింట్లోనైనా సొరకాయ చేదు తగిలితే ఉమ్మేయాలని నలుగురికీ చెప్పాలి.

పోయినేడు ఒక పత్రికలో చదివాను. విదేశాల్లో ఏదో సూక్ష్మజీవి గుణాన్ని పొగాకు మొక్కలో పెట్టారట, పురుగు తింటే చచ్చేలా. రేపు పత్తిలోనూ పెడతారేమో. అది కీడే చేస్తుందని నేను అనలేను. పరీక్షలు చేస్తారేమో. కానీ తేనెటీగకు సర్వే రాయి తెలియదు. చేదు కనుక వీరమ్మ నాలుక పసిగట్టింది. రుచీ వాసనా లేని గుణం పక్క చేలోకి పాకితే ఎవరు పసిగడతారు? ఈ ఆలోచనతో అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోతోంది.

6. సంతకానికి ముందు ఇదంతా వీరమ్మకు చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను. తన అరచేతులు చూసుకుంది. "చేదని తెలిసీ నేనే వడ్డించాను మాస్టారూ. ఈ చేత్తోనే చంపుకున్నాననుకుంటున్నా ఇన్నాళ్లూ. ఒక్క మాట ముందు చెప్పకపోయారా!" అంది.

నేను పోయాక చదివించుకునే కాగితం చాలదని తెలిసింది. రేపు పొద్దున్న బస్సుకు పిడుగురాళ్ల, రసూల్ దగ్గరికి వెళ్తున్నాను. దారిలో నాకేమైనా అయితే నాలుగో పేరా ప్రకారం నడపాలి.

ఎర్రచెరువుపాలెం, 1989 ఆగస్టు 12.

(సంతకం) మేకతోటి ఏసోబు

సాక్షులు:
బాపయ్య, రైతు
కోటిరత్నం, నర్సు