నేను పూసుకోని అత్తరు

పూనా
శుక్రవారం

ఆపాకు నీ చెల్లెలు జమీలా సలాం.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అమ్మీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి పోతున్నారా? ఇక్కడ వాన విడవడం లేదు, బట్టలు ఆరక గదంతా తడి వాసన. జొన్నరొట్టె దొరుకుతుంది గానీ మన పచ్చిపులుసు ఎవరికీ తెలియదు. నా గురించి దిగులు పడకండి.

నా పని ఏమిటని అమ్మీ అడిగిందట. గ్యాసు, పెయింటు ఆవిరి లాంటివి లీకైతే గంట కొట్టే పెట్టెలు చేస్తాం. ఆ పెట్టెకు ముక్కు ఒక చిన్న పూస. దాని లోపలంతా కంటికి కనపడని రంధ్రాలు, అందులో కరెంటు పారుతుంటుంది. ఆవిరి రంధ్రాల్లో దూరగానే కరెంటు మారి గంట మోగుతుంది. వాటిలో నూనో సెంటో చేరితే పూస మొద్దుబారిపోతుంది. అందుకే మాకు పూలు, పౌడరు అన్నీ బంద్. రంజాన్ పండుగనాడు కూడా నేను అత్తరు ముట్టలేదు.

నా గదిలో ఉండే చింతమడక ఊరి సరోజ గురించి రాశాను కదా. ఒక్క కంచంలో తిన్నాం. పోయిన వారం ఒకరోజు, సాయంత్రం పెళ్లిచూపులున్నాయని తలకు వాసన నూనె పట్టించుకుని, ఆ చేతులతోనే పూసల పళ్లెం సర్దింది. నేను చూశాను. మర్నాడు పరీక్షలో ఒక్క పూసా పలకలేదు. ఎవరి పని అని సూపర్‌వైజర్ అడిగితే నేను నోరు విప్పలేదు. సరోజ విప్పింది. జమీలా అత్తరు పూసుకొచ్చిందని చెప్పింది. ఆయన నన్ను ఒక్క మాటా అడగలేదు. పూసల గదిలోంచి తీసేసి, అట్టపెట్టెలు అంటించే పనిలో వేశాడు. ఆ పూసల పని నేర్చుకోవడానికే కదా ఇంత దూరం వచ్చింది.

ఆ సాయంత్రం గదిలో సరోజే నాకు అన్నం వడ్డించి పెట్టింది. ఎందుకలా చెప్పావని అడిగితే తల ఎత్తకుండానే అంది:

"నా పేరు బయటపడితే నౌకరి పోతుండె, పెండ్లి గూడ తప్పుతుండె. నీ పేరు చెప్తే ఎవ్వరు మల్ల అడగరని నాకు ఎర్కే."

సూపర్‌వైజర్‌కు నేనెలాంటిదాన్నో తెలియదు, ఆపా. సరోజకు తెలుసు. తెలిసే చెప్పింది. అదే నాకు మింగుడు పడడం లేదు.

అమ్మీకి ఇదంతా చదివి వినిపించకు, పని బాగుందని చెప్పు. దూల్హాభాయికి, పెద్దలందరికీ సలాములు. పిల్లలకు ముద్దులు. నా కోసం దువా చేయండి. సరోజ వాళ్లవ్వ సిద్దిపేట అంగడిలో కలిసినప్పుడల్లా, మీ చెల్లె తోడున్నదని మాకు రంది లేదు అంటుంది కదా. ఈసారి అంటే ఊఁ కొట్టకు.

నీ చెల్లెలు
జమీలా